పాత ఆర్ఈ ఆటో: ట్రయల్‌లో బయటపడేవి, దాక్కునేవి

విజయనగరంలో పాత ఆటో బేరానికి వెళ్తే, ట్రయల్ పేరుతో దొరికేది దాదాపు ఎప్పుడూ ఒకటే. మీరు వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి ఉంటుంది. అమ్మేవాడు సీటులో సగం జరిగి కూర్చుంటాడు, కొనేవాడు పక్కన ఇరుక్కుంటాడు. షెడ్డు నుంచి మయూరి జంక్షన్ దాకా వెళ్లి రావడం, మహా అయితే పది నిమిషాలు. దిగీదిగగానే "ఏటి బాబూ, ఇంకా ఏటి సూత్తావు, బండి బంగారం" అంటూ బ్రోకరు అడ్వాన్సు మాట ఎత్తుతాడు. శ్రీకాకుళంలో ఇదే తంతు ఏడు రోడ్ల కూడలి నుంచి డే అండ్ నైట్ జంక్షన్ దాకా నడుస్తుంది. ఈ ట్రయల్‌కి ఐదింట ఒక్క మార్కు వేసినా ఎక్కువే. వేడెక్కి ఉన్న ఇంజను, ఖాళీ బండి, చదును రోడ్డు మూడూ కుదిరితే అరిగిపోయిన ఆటో కూడా బుద్ధిగానే నడుస్తుంది.

అసలు ట్రయల్ అంటే ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదలవ్వాలి. వెనక సీటులో ముగ్గురు కూర్చోవాలి. బండి ఒక ఎక్కుడు ఎక్కాలి, పది కిలోమీటర్లు తక్కువ కాకుండా నడవాలి, ఆగి మళ్లీ వేడి మీద స్టార్ట్ కావాలి. ఇక్కడ మాట్లాడేది ముఖ్యంగా బజాజ్ ఆర్ఈ నాలుగు స్ట్రోకుల పెట్రోలు, గ్యాసు బళ్ల గురించి. పియాజియో ఆపె డీజిలు, బ్యాటరీ ఆటోల సంగతి చివర్లో కొంచెం.

తాళం తీసుకునే ముందు

బండి రాత్రి ఎక్కడ ఉంటుందో అక్కడికే పొద్దున్నే వస్తామని, వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే వెనక మూత తీసి ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలిందంటే ఎవరో అప్పటికే తంటాలు పడి స్టార్ట్ చేశారన్నమాట. ఆ రోజుకి ట్రయల్ మానేసి మరోరోజు రావడమే మేలు. బండిలో ఉండే లోపాల్లో సగం మొదటి మూడు నిమిషాల్లోనే కనిపిస్తాయి. ఆ మూడు నిమిషాలూ పోతే మిగతాదంతా షికారే.

బండిని రెండు మీటర్లు ముందుకు తోసి, అది నిలబడిన నేల చూడండి. నడిమధ్య మరకలుంటే ఇంజను, గేర్‌బాక్సు ఆయిలు సీళ్లో, డ్రెయిన్ బోల్టో కారుతున్నట్టు. వెనక చక్రం లోపలి వైపు తడి ఉంటే యాక్సిలు సీలు కావచ్చు, బ్రేకు సిలిండరు కావచ్చు. ఏదో తేల్చుకోవడానికి ఆ తడిని వేలికి అంటించుకుని నీటి చుక్క వేసి రుద్దండి. నీళ్లలో కలిసిపోతే బ్రేకు ఆయిలు, కలవకుండా జిడ్డుగా విడిపోతే ఇంజను ఆయిలో గేరు ఆయిలో. రెంటికీ ఖర్చు వేరు, తొందర కూడా వేరు. బ్రేకు ఆయిలు కారే బండిని బాగు చేయించేదాకా రోడ్డెక్కించకూడదు.

తర్వాత తుప్పు. భోగాపురం వైపు, కళింగపట్నం వైపు చేపల బేరానికి తిరిగిన బళ్లుంటాయి. గంపల్లోంచి కారే ఐసు నీళ్లు, ఉప్పు కలిసి రబ్బరు మ్యాటు కిందికి చేరి నెలల తరబడి అక్కడే ఉంటాయి. పైన కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, అద్దం మీద అమ్మవారి స్టిక్కరు నిగనిగలాడుతుంటే, కింద రేకు అప్పడంలా అయి ఉంటుంది. మ్యాటు ఎత్తించండి. స్క్రూడ్రైవరు పిడితో నేల రేకు మీద అక్కడక్కడా తట్టండి. గట్టి రేకు ఠంగుమంటుంది, తిన్నది దబ్బుమంటుంది. డ్రైవరు సీటు కింద, బ్యాటరీ పెట్టే చోట, ముందు అద్దం ఫ్రేము అడుగున, వెనక చక్రాల ఆర్మ్‌లు ఛాసిస్‌కి బిగించే చోట తప్పకుండా చూడాలి. ఈ చివరి చోట వెల్డింగు అతుకు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. మిగతా చోట్ల అతుకులకి ధర తగ్గించుకోవచ్చు, ఇక్కడి అతుకుకి తగ్గింపు అనేదే లేదు. బండి బరువంతా మోసేది అదే కాబట్టి. అడుగున మాత్రమే కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే అనుమానం రెట్టింపు చేసుకోండి. అడుగుకి అందం కోసం రంగు వేయించుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

ఒక తాడు ముక్క వెంట తీసుకెళ్లండి. హ్యాండిలు తిన్నగా పెట్టి, ముందు చక్రం ఇరుసు నుంచి ఎడమ వెనక చక్రం ఇరుసు నట్టు దాకా కొలవండి, తర్వాత కుడి వైపు కొలవండి. రెండూ సమానంగా రావాలి. వేలి మందం కంటే ఎక్కువ తేడా వచ్చిందంటే గట్టి దెబ్బ తగిలి ఆర్మో ఛాసిసో వంగినట్టే. ముగ్గురి సీటులో ఆరుగురిని, డ్రైవరుకి చెరో పక్క ఒకర్ని ఎక్కించుకుని ఏళ్ల తరబడి తిరిగిన బండికి వెనక చక్రాలు కాళ్లు చాచినట్టు కనిపిస్తాయి. బండి వెనక పది అడుగుల దూరంలో నేల మీద కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. అలాంటి బండికి టైర్లు ఒక అంచునే అరుగుతాయి, ఎన్ని మార్చినా అంతే.

టైరు సైజు 4.00-8. మూడు చక్రాలకూ ఒకే సైజు కాబట్టి స్టెప్నీ ఎక్కడైనా పడుతుంది. ఇదే సౌకర్యం అమ్మేవాడికీ ఉంటుంది. అరిగిన టైరుని స్టెప్నీ చేసి, స్టెప్నీలో ఉన్న మంచిదాన్ని ముందుకి వేస్తాడు. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. నాలుగింటికీ తేదీలు చూస్తే ఏది ఎప్పుడు కొన్నారో కథ దొరుకుతుంది.

కిలోమీటర్ల మీటరుని అసలు నమ్మకండి. పాత బళ్లలో అది ముందు చక్రం నుంచి వచ్చే కేబులు మీద తిరుగుతుంది, ఆ కేబులు తెగి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తుండదు. బ్రేకు పెడలు రబ్బరు, గేరు గ్రిప్పు మీద గీతలు, తాళం పెట్టే కన్నం చుట్టూ అరుగుదల చూడండి, మీటరు కంటే అవే నిజం చెప్తాయి.

స్టార్ట్ చేసిన మూడు నిమిషాలు

డిప్‌స్టిక్కు తీసి ఆయిలు చూడండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు, పని చేసిన ఆయిలు నల్లగానే ఉంటుంది. మురికి కొట్టుకుపోయిన ఇంజనులో తేనె రంగు ఆయిలు మెరుస్తుంటే నిన్ననే మార్చారన్నమాట. వేళ్ల మధ్య బెల్లం పాకంలా సాగితే పొగ కనపడకుండా చిక్కటి ఆయిలు పోసినట్టు. ఈ చిట్కా పాతదే, ఇప్పటికీ నడుస్తోంది.

తాళం ఆన్ చేసి ఆగండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) పెట్రోలు బళ్లలో కార్బురేటరు బదులు ఇంజెక్షన్ ఉంటుంది, కాబట్టి మీటరులో ఇంజను గుర్తు దీపం ఒకటుంటుంది. తాళం ఆన్ చేయగానే అది వెలగాలి, ఇంజను స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే లేదంటే అంతకంటే పెద్ద లోపాన్ని దాచడానికి దీపమే పీకేసి ఉండొచ్చు. ఇలాంటి బండిని స్కానరు ఉన్న షెడ్డులో చూపించాకే బేరం మాట్లాడండి. చెవితో, ముక్కుతో పట్టేసే పాత మేస్త్రి విద్య సెన్సారు లోపం దగ్గర పనికిరాదు.

ఇప్పుడు స్టార్ట్ చేసి, ఒకరు సైలెన్సరు వెనక నిలబడండి. మొదట ఒక్కసారి నీలి పొగ గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి. రాత్రంతా కొంచెం కొంచెం ఆయిలు లోపలికి దిగి ఉంటుంది. అది భరించదగ్గ లోపమే. యాక్సిలేటరు తిప్పినప్పుడల్లా నీలి పొగ వస్తుంటే రింగులు పోయాయి, బోరు పని (అరిగిన సిలిండరుని కోసి పెద్ద సైజు పిస్టను వేయడం) ఉంది. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా వస్తుంది. చలికాలం పొద్దున్న కాసేపు కనిపించే తెల్లటి ఆవిరిని పట్టించుకోనక్కర్లేదు. ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత వదులు చేసి చూడండి. ఆ కన్నంలోంచి పొగ బుస్సు బుస్సుమని అదే పనిగా తోస్తుంటే, సైలెన్సరు ఎంత శుభ్రంగా ఉన్నా రింగులు దాటి కాలిన గ్యాసు కిందికి వస్తున్నట్టే.

శబ్దాల్లో పైన వినిపించే సన్నటి టిక్ టిక్ టాపెట్లది (వాల్వుల్ని తెరిచే భాగాలది), సర్దితే పోతుంది. కింద నుంచి, యాక్సిలేటరు వదిలినప్పుడు వినిపించే బరువైన డగ్ డగ్ కనెక్టింగ్ రాడ్డుది. ఇంజను మొత్తం విప్పాల్సిన పని.

"మొన్ననే బోరు కొట్టించాం" అనే మాట తరచూ వినిపిస్తుంది. బిల్లు అడగండి, అందులో పిస్టను సైజు ఉంటుంది. ఒకసారి సైజు పెంచిన సిలిండరుకి ఇంకెన్నిసార్లు అవకాశం మిగిలిందో మీ మేస్త్రి దాన్ని చూసి చెప్తాడు. నిజంగానే కొత్తగా బోరు అయిన బండి అయితే ముగ్గురిని ఎక్కించి ఫుల్ యాక్సిలేటరు మీద ఎక్కుడు ఎక్కించడం అమ్మేవాడికి అన్యాయం. పిస్టను, రింగులు సిలిండరులో సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడవాలి. అలాంటప్పుడు ట్రయల్ సగమే పూర్తయిందని ఒప్పుకుని, నెల రోజుల పూచీ కాగితం మీద రాయించుకోవాలి.

యాక్టివా చేతితో ఆటో

ఇది కొనేవాళ్ల కంటే అమ్మేవాళ్లు ఎక్కువగా చదవాల్సిన భాగం. ఆటో నడిపిన అనుభవం లేనివాడికి తాళం ఇస్తే ప్రమాదం ఎలా జరుగుతుందో ముందే చెప్పొచ్చు. గేర్లు లేని స్కూటరులో ఎడమ చేతి లివరు నొక్కితే బ్రేకు పడుతుంది. ఆర్ఈలో అదే చోట ఉన్నది క్లచ్చు. ఎదురుగా గేదె అడ్డొచ్చిందనుకోండి, స్కూటరు అలవాటున్న చెయ్యి ఎడమ లివరు గట్టిగా బిగిస్తుంది. క్లచ్చు విడిపోతుంది, ఇంజను పట్టు పోతుంది, బండి ఆగదు సరికదా మరింత హాయిగా దొర్లుతుంది. కంగారులో కుడి చెయ్యి యాక్సిలేటరుని తిప్పేస్తుంది. బ్రేకు ఉన్నది కుడి కాలి కింద, ఆ కాలు మాత్రం నేల కోసం వెతుకుతూ ఉంటుంది.

మోటారు సైకిలు నడిపేవాడికి ఇంకో చిక్కు. బైకు మలుపులో వాలుతుంది, ఆటో వాలదు. ముందు ఒకటే చక్రం కాబట్టి మలుపులో బ్రేకు వేస్తే బరువంతా ముందుకీ, బయటి పక్కకీ దూకుతుంది. అక్కడ ఆసరాగా చక్రం లేదు. లోపలి వైపు వెనక చక్రం లేస్తుంది. అందుకే బ్రేకు తిన్నగా ఉన్నప్పుడే వేసి, వేగం తగ్గించాక మలుపు తిప్పాలి. వెనక సీటు ఖాళీగా, డ్రైవరు ఒక్కడే ఉన్న ఆటో ఇంకా తేలిగ్గా తిరగబడుతుంది. వెనక ఇరుసు దగ్గర బరువు ఉంటేనే దానికి నిలకడ. కాబట్టి కొత్త చేతికి బండి ఇచ్చేటప్పుడు వెనక ఒక మనిషి కూర్చోవాలి, మొదటి చుట్టు అయోధ్య మైదానం లాంటి ఖాళీ జాగాలో పొద్దున్నే వేయాలి. ఇరవై వేగం దాటకుండా, రెండు వైపులా ఎనిమిదంకె తిప్పించి, నాలుగుసార్లు బ్రేకు వేయించాక కాలు బ్రేకు మీదికే వెళ్తోందనిపిస్తేనే రోడ్డెక్కనివ్వండి.

లైసెన్సు చూడకుండా తాళం ఇవ్వొద్దు. టూవీలరు లైసెన్సు ఆటోకి చెల్లదు, ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనాల లైసెన్సు) ఉండాలి. ఎల్ఎంవీ ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కాబట్టి బ్యాడ్జి (రవాణా వాహనం నడిపే ప్రత్యేక అనుమతి) లేదన్న గొడవ ఇక్కడ రాదు. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమానికి జరిమానా 5,000 రూపాయలు, నడిపినవాడికి మరో 5,000. ఇన్సూరెన్సు అయిపోయిన బండితో మొదటిసారి దొరికితే 2,000. అది చిన్న సంగతే. ఆ పది నిమిషాల్లో ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం ఆర్సీలో పేరున్నవాడి నెత్తిన పడుతుంది. ఇన్సూరెన్సు లేని బండికి ట్రయల్ ఇవ్వకపోవడం మర్యాద తక్కువేం కాదు, కొనేవాళ్లు తప్పు పట్టనూ కూడదు.

రోడ్డు మీద

చల్లటి బండితో బయల్దేరాక మొదటి కిలోమీటరు గేర్ల మీదే దృష్టి పెట్టండి. ఎడమ గ్రిప్పు మీద ఒకటి, న్యూట్రల్, రెండు, మూడు, నాలుగు వరసగా ఉంటాయి. గ్రిప్పు నుంచి గేర్‌బాక్సుకి రెండు కేబుళ్లు వెళ్తాయి, అవి సాగితే గ్రిప్పు మీద మూడు చూపిస్తుంటే లోపల రెండో మూడో తేలదు. అది కేబులు సర్దితే పోయే లోపం, బెదిరిపోవద్దు. కానీ గేరు సరిగ్గానే పడి, యాక్సిలేటరు ఒక్కసారి వదిలి మళ్లీ తిప్పగానే న్యూట్రల్‌కి ఎగిరిపోతుంటే లోపలి గేరు పళ్లు అరిగాయి. ప్రతి గేరులో మూడుసార్లు ఇలా వదిలి తిప్పి చూడండి. రెండో గేరు దగ్గర ఎక్కువ శ్రద్ధ పెట్టండి, బరువుతో స్టాండులోంచి కదిలే బండి ఎక్కువగా వాడేది అదే.

క్లచ్చు పరీక్ష సులువు. నాలుగో గేరులో పాతిక వేగంతో వెళ్తూ యాక్సిలేటరు ఒక్కసారిగా మొత్తం తిప్పండి. బండి నెమ్మదిగా, బరువుగా వేగం పుంజుకుంటే మంచిదే. శబ్దం గయ్యిమని పెరిగి వేగం అక్కడే ఉంటే ప్లేట్లు జారుతున్నాయి. అయితే ముందు లివరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉందో లేదో చూసుకోండి. కేబులు బిగుతుగా కట్టినా ఇదే జారుడు కనిపిస్తుంది.

ఎక్కుడు కోసం విజయనగరంలో ఎత్తు బ్రిడ్జి ఉంది, పేరులోనే ఎత్తు పెట్టుకున్నది. పొద్దున్న ఏడు లోపు రద్దీ లేనప్పుడే వెళ్లండి. వెనక ముగ్గురితో ఎక్కుడు సగంలో ఓ పక్కగా ఆపి, హ్యాండు బ్రేకు లాగి, కాలు తీసేయండి. బండి కదలకూడదు. అక్కడి నుంచే మొదటి గేరులో ఎత్తండి. వణుకుతూ ఎత్తితే లోపం క్లచ్చుది, ఎత్తలేక ఆగిపోతే ఇంజనుకి బలం చాలడం లేదు. సాలూరు ఘాటు మీదుగా ఒడిశా వైపు తిప్పాలనుకునేవాళ్లకి ఈ ఒక్క పరీక్షా మిగతా అన్నింటికంటే ముఖ్యం.

బ్రేకుని రెండు రకాలుగా చూడాలి. నిలబడి ఉండగా పెడలు గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే ఉంచండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండరు వాషర్లు పోయాయి. స్పాంజిలా తగిలి, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడితే లైనులో గాలి ఉంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద ముప్పై వేగంలో హ్యాండిలు వదులుగా పట్టుకుని బ్రేకు వేయండి. బండి ఒక పక్కకి లాగితే అటు వైపు చక్రం మాత్రమే పట్టుకుంటోంది, రెండో వైపు లైనరు మీద ఆయిలు పడి ఉండొచ్చు. పొద్దున్న నేల మీద చూసిన తడి ఇక్కడ గుర్తు తెచ్చుకోండి.

హ్యాండిలు పూర్తిగా ఒక వైపు తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా రెండు చుట్లు, మళ్లీ రెండో వైపు రెండు చుట్లు వేయండి. వెనక నుంచి టక్ టక్ టక్ అని చక్రంతో పాటు వినిపిస్తే యాక్సిలు జాయింట్లు అరిగి ఉండొచ్చు. హ్యాండిలు తిప్పినప్పుడు ఇంజను వేగం దానంతటదే పెరిగితే యాక్సిలేటరు కేబులు పొట్టిదైనా వేసి ఉండాలి, దారి తప్పించైనా కట్టి ఉండాలి. ఖర్చు చిన్నదే గానీ మలుపులో బండి ముందుకి ఉరకడం చిన్న విషయం కాదు.

తర్వాత నలభై, నలభై ఐదు వేగంలో నాలుగైదు కిలోమీటర్లు తిన్నగా పోనివ్వండి. విజయనగరంలో రింగు రోడ్డు, శ్రీకాకుళంలో సింహద్వారం దాటి ఎచ్చెర్ల వైపు హైవే ఎడమ అంచు ఇందుకు బాగుంటాయి. ముందు చక్రం నీళ్లలో చేపలా అటూ ఇటూ ఆడితే కోన్ సెట్టు (హ్యాండిలు తిరిగే బేరింగులు), ముందు ఆర్మ్ బుష్షులు చూపించాలి. యాక్సిలేటరు వదిలి దొర్లనిచ్చినప్పుడు వెనక నుంచి "ఊఁ" అని సాగే శబ్దం వస్తే డిఫరెన్షియలు పళ్లో, బేరింగులో. రివర్సులో ఇలాంటి ఊళ కొంచెం ఉండటం మామూలే, ఠక్కుమనడం మాత్రం మామూలు కాదు. రివర్సు బండి పూర్తిగా ఆగాకే వేయండి.

గ్యాసు బండి అయితే ఈ రోడ్డు పరీక్షంతా గ్యాసు మీదే చేయాలి. పెట్రోలు మీద లాగుడు ఎప్పుడూ ఎక్కువే, అందుకే అమ్మేవాడి చెయ్యి స్విచ్చిని పెట్రోలు మీదే ఉంచుతుంది. సీఎన్‌జీ సిలిండరుకి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) జరగాలి, సిలిండరు ప్లేటు మీద తేదీ చూడండి. గ్యాసు కిట్టు ఆర్సీలో ఎక్కిందో లేదో కూడా చూడాలి. జాయింట్ల మీద సబ్బు నీళ్లు పూస్తే బుడగలు రాకూడదు.

వెనక్కి వచ్చి ఆపగానే మూడు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా అంగుళం దూరంలో. మూడింట్లో ఒకటి మిగతా రెంటి కంటే బాగా కాలుతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు, లేదా బేరింగు పోతోంది. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. చల్లగా ఉన్నప్పుడు ఠక్కున అందుకుని వేడి మీద మొరాయించే బండిని స్టాండులో పెట్టుకుంటే రోజూ బేరాలు పోతాయి. బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే ఇంజను తిరుగుతుండగా 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి.

మైలేజీ మాత్రం ఏ ట్రయల్‌లోనూ తేలదు. లీటరుకి ఇంత ఇస్తుందని ఎవరు ప్రమాణం చేసినా దాన్ని ధరలో కలపకండి.

ఆపె, బ్యాటరీ బళ్లు

పియాజియో ఆపె డీజిలు బరువు లాగడంలో ఆర్ఈ కంటే ఒక మెట్టు పైనే. చీపురుపల్లి, రాజాం వైపు పల్లె రోడ్ల మీద అది చేసే చాకిరీకి వంక పెట్టలేం. కానీ ట్రయల్‌లో దాన్ని అంచనా వేయడం కష్టం. ఒంటి సిలిండరు డీజిలు వణుకుడే అంత, ఆ వణుకులో అరిగిన మౌంటు రబ్బర్ల వణుకు కలిసిపోతుంది. పొద్దున్న స్టార్టింగు, ఎక్కుడులో నల్ల పొగ, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ మీద దృష్టి పెట్టండి. నీళ్లతో చల్లబడే కొత్త ఇంజన్లలో రేడియేటరు మూత, ఇంజను చల్లగా ఉన్నప్పుడే, తీసి నూనె తెట్టె ఉందేమో చూడండి.

బ్యాటరీ ఆటోకి ఇంజను గొడవ లేదు, బండి ధరంతా బ్యాటరీలోనే. వంద శాతం చార్జింగుతో ఇవ్వమని అడిగి, ముగ్గురితో ఇరవై కిలోమీటర్లు తిప్పి ఎంత శాతం దిగిందో రాసుకోండి. పదిహేను నిమిషాల ట్రయల్ ఇక్కడ దండగే.

కాగితం దగ్గర

ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిపోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్సు, ఫైనాన్సు చూడండి. ఫిట్‌నెస్ బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఫైనాన్సు తీరితే ఫారం 35, పేరు మార్పుకి ఫారం 29, 30. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే ఓడీ (ఒడిశా) నంబరు బళ్లు చవగ్గా కనిపిస్తాయి, కానీ ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడి పన్ను కలిపి లెక్కేస్తే ఆ చవక సగం ఆవిరి. పాత బళ్లకి ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే కోడు వచ్చింది కాబట్టి కొత్త బండి ఏ జిల్లా ఉప్పుగాలి తిందో నంబరు చూసి చెప్పలేం. పర్మిట్ మాత్రం ఆర్సీతో పాటు దానంతటదే మారదు, దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. "పర్మిట్ బండి ఎనకాలే వచ్చేత్తాది" అనే బ్రోకరు మాటకి తల ఊపకండి.

పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని ఆర్సీలో ఉన్నవాడే. 2018లో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టంగా చెప్పింది. అందుకే అమ్మేవాళ్లు డెలివరీ కాగితంలో తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయించుకుని, రెండు వైపులా సంతకాలు, కొనేవాడి లైసెన్సు జిరాక్సు తీసుకుని, అదే వారంలో ఫారం 29 దాఖలు చేయాలి. గడువు పద్నాలుగు రోజులుంది, కానీ బండి మొదటి రోజు నుంచే రోడ్డు మీద ఉంటుంది.